పేరు కర్నూలు జిల్లా బడిలో, పిల్ల గుంటూరు మిరప చేలో

నేను గుంటూరు శివారు మండలంలో క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్‌గా పనిచేస్తున్నాను. బడి బయట ఉన్న పిల్లలను గుర్తించి బడిలో చేర్పించడం నా పనిలో ఒక భాగం. ఇక్కడ రాస్తున్నది పదేళ్ల అమ్మాయి కేసు. ప్రతి కాగితంలోనూ ఆమె ‘బడికి వెళ్లే పిల్ల’. ఆ ఒక్క మాట వల్లే ఎవరి జాబితాలోకీ రాకుండా పోయింది. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. ఇలాంటి పిల్లలు ఏటా సంక్రాంతికి అటూ ఇటూగా మన ఊళ్ల పొలిమేరల్లోకి వస్తారు కాబట్టి, తోటి టీచర్లకు, అంగన్‌వాడీ సిబ్బందికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి గుంటూరు, పల్నాడు జిల్లాలకు మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలే తరలివస్తాయి. అక్కడ వానాకాలం పంట అయ్యాక చేతికి పని ఉండదు, ఇక్కడేమో మిరప పండి కోతకు మనుషులు చాలరు. ఈ వలసను వాళ్లు ‘సుగ్గి’ అంటారు. సుగ్గికి పోవడమంటే ఇంటికి తాళం వేసి, బియ్యం మూట, వంట సామాను, మేకపిల్ల ఉంటే మేకపిల్లతో సహా లారీ ఎక్కడం. ముసలివాళ్లు ఇంటి దగ్గర ఉంటే పిల్లలను వాళ్ల దగ్గర వదులుతారు. లేకపోతే పిల్లలూ లారీ ఎక్కాల్సిందే. సొంత ఊళ్లోనే పిల్లలు ఉండేలా అక్కడ సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. అయినా అన్ని కుటుంబాలూ పిల్లలను వాటిలో ఉంచవు. ఈ ఇంట్లో కారణం చిన్నది, కానీ గట్టిది. రెండేళ్ల తమ్ముడు ఉన్నాడు, వాణ్ణి ఎవరు చూస్తారు?

కోత కూలి కిలోల లెక్కన ఇస్తారు. తల్లి కోసినదీ, పక్క సాలులో పిల్ల కోసినదీ ఒకే గోతంలో పడి, ఒకే పేరు మీద కాటాకు ఎక్కుతాయి. కాటా చిట్టీలో పిల్ల పేరు ఎక్కడా ఉండదు. ఎవరైనా వచ్చి అడిగితే చేలో పిల్లలు పనిచేస్తున్నారన్న రుజువు కూడా దొరకదు. తర్వాత జరిగినవాటిలో చాలా వాటికి మూలం ఇదే.

సమస్య ఎలా బయటపడింది

ఫిబ్రవరి 10 జాతీయ నులిపురుగుల నివారణ దినం. ఆ రోజు బడిలో చదివే పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర బడిలోనే మింగిస్తారు. బడికి వెళ్లని పిల్లలకు అంగన్‌వాడీలో ఇస్తారు. ఆ రోజు తప్పిపోయినవాళ్ల కోసం వారం తర్వాత మరో విడత ఉంటుంది. ఆ రెండో విడతలో అంగన్‌వాడీ టీచర్ నాకు ఫోన్ చేసింది. “మేడమ్, టార్పాలిన్ పట్టాల గుడారాల దగ్గర ఒక పెద్ద పిల్ల ఉంది. వాళ్లమ్మను అడిగితే బడికి పోతాదంటోంది. అందుకని నా లిస్టులో రాయలేదు. మన స్కూల్లో అడిగితే ఆ పిల్ల మా దగ్గర లేదంటున్నారు. మాత్ర నేనివ్వాలా, వాళ్లివ్వాలా?” అని.

మాత్ర ఆమె ఇచ్చేసింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అంతకుముందు ఇంటింటి సర్వేలో కూడా ఆ పిల్ల పేరు ఎదుట ‘స్కూల్ గోయింగ్’ అనే పడింది. చదువుతున్న పిల్లేనని రాసుకున్నాక ఏ బడి అని అడగాల్సిన గడి ఆ ఫారంలో లేదు.

గుడారం దగ్గరికి వెళ్లి తల్లితో మాట్లాడాను. పిల్ల బడికి వెళ్తుందా అంటే, “ఆ, పోతాది మేడమ్” అంది వెంటనే. ఆమె అబద్ధం చెప్పలేదు. ‘పోతాది’ అంటే రోజూ పోయే పిల్లే అన్న అర్థమూ వస్తుంది, ఊరికి తిరిగి వెళ్లాక పోతుందన్న అర్థమూ వస్తుంది. రెండూ ఆమె నమ్ముతున్న నిజాలే. బడి మాన్పించాలన్న ఆలోచన ఆ తల్లికి ఎప్పుడూ లేదు. కూతురికి బడి ఉంది, అందులో పేరుంది, పుస్తకాలున్నాయి. ఆ ఇంటి లెక్కలో బడి ఈడు పిల్లంటే బడికి వెళ్లే పిల్లే.

అందుకని ప్రశ్న మార్చాను. “నిన్న బడిలో గుడ్డు ఇచ్చారా, చిక్కీ ఇచ్చారా?” అని పిల్లనే అడిగాను. తల్లి వైపు చూసింది, ఏం మాట్లాడలేదు. బ్యాగు చూపించమన్నాను. గుడారం కర్రకు స్కూల్ బ్యాగు వేలాడుతోంది, అందులో తమ్ముడి బట్టలు, నీళ్ల సీసా ఉన్నాయి. అడుగున తెలుగు నోట్సు దొరికింది. మొదటి పేజీ నుంచి ప్రతి పాఠం పైన ఎర్ర సిరాతో తేదీ, టీచర్ సంతకం ఉన్నాయి. చివరి తేదీ డిసెంబర్ మూడో వారంలోది. తర్వాతి పేజీలన్నీ తెల్లగానే ఉన్నాయి. హాజరు పట్టీ ఏం చెప్పినా, ఆ నోట్సు చెప్పింది చాలు నాకు.

ఏ మాట కింద రాయాలి

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. మన ఫారాల్లో నాలుగు మాటలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. ‘బడి ఈడు’ అనేది వయసుకు సంబంధించింది. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల లోపు వాళ్లందరూ బడి ఈడు పిల్లలే, బడి ముఖం చూడనివాళ్లతో సహా. ‘నమోదు’ అంటే రిజిస్టరులో పేరుండటం. ‘హాజరు’ అంటే ఆ రోజు తరగతిలో కూర్చోవడం. ‘బడికి వెళ్లే పిల్ల’ అన్నప్పుడు మనం ఈ మూడింటిలో దేని గురించి అంటున్నామో చెప్పం. పేరుంటే చాలనుకుని సర్వే చేసేవాళ్లు రాస్తారు, వయసుంటే చాలనుకుని తల్లిదండ్రులు చెబుతారు. హాజరు సంగతి తెలిసేది ఒక్క క్లాస్ టీచరుకే.

అధికారిక నిర్వచనం మాత్రం స్పష్టంగానే ఉంది. అసలు బడిలో చేరనివాళ్లతో పాటు, చేరి కూడా ముందుగా కారణం తెలపకుండా 45 రోజులు లేదా అంతకు మించి రాని పిల్లలను ‘బడి బయటి పిల్లలు’గా లెక్కించాలి. చిక్కంతా ‘ముందుగా తెలపకుండా’ అన్న దగ్గర ఉంది. ఈ పిల్ల తండ్రి, సుగ్గికి పోతున్నామని బయలుదేరే ముందు సార్‌కు చెప్పే వచ్చాడు. కాబట్టి ఆ బడి దృష్టిలో ఆమె సమాచారం ఇచ్చి వెళ్లిన విద్యార్థి. మా మండలం దృష్టిలో వేరే జిల్లాలో చదువుతున్న విద్యార్థి. రెండు చోట్లా రాసినదాంట్లో తప్పు లేదు, పిల్ల మాత్రం రెండు చోట్లా లేదు.

నాకు ఎదురైన ప్రశ్న ఇది: ఈమెను బడి బయటి పిల్లగా రాయాలా? రాస్తే ప్రత్యేక శిక్షణకు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో ప్రాధాన్యానికి దారి తెరుచుకుంటుంది. రాయకపోతే ఏమీ తెరుచుకోదు. తల్లి భయం వేరే. ‘బడి మానేసింది’ అని రాస్తే, పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు ఆగిపోతుందని ఎవరో చెప్పారట. ఆ పథకానికి 75 శాతం హాజరు నిబంధన ఉంది, కాబట్టి ఆమె భయం గాలిలోంచి పుట్టింది కాదు. నిజానికి ఇక్కడ చేలో గడిపే ప్రతి రోజూ ఆ శాతాన్ని తగ్గిస్తూనే ఉంది. ఆ సంగతి లెక్క వేసి చూపిస్తేనే ఆమె నా మాట వినడం మొదలుపెట్టింది. చివరికి బడి బయటి పిల్లగానే, తేదీలతో సహా నోటు రాసి ఉంచాం.

మొదట చేసినవి, ఫలించనివి

గుడారాల దగ్గరే సాయంత్రం తరగతి పెడదామని ఒక వాలంటీరు ముందుకొచ్చాడు. పిల్లలను ఎక్కడికీ పంపనక్కర్లేదు, కూలి పోదు, తల్లిదండ్రులు ఒప్పుకుంటారని అనుకున్నాం. ఒప్పుకున్నారు కూడా. కానీ పొద్దుటి నుంచి చేలో ఉన్న పిల్లలు చీకటి పడేసరికి కూర్చున్న చోటే నిద్రపోయారు. ఈ అమ్మాయి పెన్సిల్‌ను రెండు వేళ్ల కొసలతో, తగిలీ తగలనట్టు పట్టుకుంది. చేతులు చూపించమంటే అరచేతులు కమిలి ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటు సబ్బుతో కడిగితే పోదు. కొబ్బరినూనె రాసుకున్నా వేళ్ల సందుల్లో మంట రాత్రంతా ఉంటుందట. పని ఆపకుండా దాని మీద చదువు అతికించాలంటే అతకదని అక్కడే తేలిపోయింది.

తర్వాత చట్టం దారి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదంటుంది. సొంత కుటుంబ వృత్తిలో, అదీ బడి వేళల తర్వాత లేదా సెలవుల్లో సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఇస్తుంది. గుంపు మేస్త్రి ఆ మినహాయింపునే పట్టుకున్నాడు: “వాళ్లమ్మతో పాటు వచ్చింది, వాళ్లింటి పనే కదా.” ఇంకొకరి చేలో కిలోల లెక్కన చేసే కూలి కుటుంబ వృత్తి కిందికి రాదని చెప్పాం. తల ఊపాడు. మర్నాటి నుంచి మేం వెళ్లే వేళకు ఒక్క పిల్ల కూడా సాళ్లలో కనబడలేదు. పని ఆగలేదు, పిల్లలను కళ్లంలో తాలుకాయలు ఏరడానికి పట్టాల చాటుకు మార్చారు. ఇంకొంచెం బిగిస్తే గుంపు మొత్తం వేరే మండలానికి వెళ్లిపోతుంది, అక్కడ వీళ్ల గురించి అడిగేవాళ్లే ఉండరు. కేసు దాకా వెళ్లకుండా ఆపింది అందుకే. చట్టం తప్పని నా ఉద్దేశం కాదు, కానీ పిల్లకు కూర్చోవడానికి ఒక బల్ల చూపించకుండా ముందు దాన్ని వాడితే పిల్ల మరింత లోపలికి పోతుంది.

మూడోది, పేరు అక్కడే ఉంచి ఇక్కడి ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతిలో కూర్చోబెట్టడం. కాగితాల గొడవ లేదు, తల్లి భయం తీరుతుంది, ఉగాది తర్వాత ఎలాగూ వెళ్లిపోతారు. అందరికీ సులువుగా తోచింది. పాప వచ్చింది, కొన్నాళ్లు కూర్చుంది, మానేసింది. కారణాలు వెతికితే చాలా ఉన్నాయి. హాజరు ఆన్‌లైన్‌లో పడుతుంది, లాగిన్‌లో లేని పిల్లకు హాజరు వేసే దారి లేదు. రోజూ అందరి పేర్లూ పిలుస్తారు, ఈమె పేరు పిలవరు. భోజనం పెట్టారు, కానీ గుడ్లు లెక్కపెట్టి తెచ్చే చోట తనది ఎప్పుడూ అదనపు ప్లేటే. ఆమె యాసకు వెనక బెంచీ పిల్లలు నవ్వారు. వీటన్నిటికీ మించి, పొద్దున్నే తమ్ముణ్ణి ఎత్తుకునేవాళ్లు లేకపోతే అంతటితో ఆ రోజు బడి లేనట్టే. అంగన్‌వాడీలో పగలంతా కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండిన పిల్లలను. వాడికి రెండేళ్లే.

ఏది పనిచేసింది

ముందు తమ్ముడి సంగతి చూశాం. గుంపులో మోకాళ్ల నొప్పులతో చేలోకి దిగలేని ఒక ముసలమ్మ ఉంది. గుడారాల దగ్గర కూర్చుని అందరికీ వంట చెరుకు చూసుకునేది. మూడేళ్ల లోపు పిల్లలున్న తల్లులు కలిసి తలా కొంత ఆమెకు ఇచ్చేలా, ఆమె పసిపిల్లలను చూసుకునేలా మాట్లాడాం. దీనికి మేస్త్రిని ఒప్పించడం మేం అనుకున్నంత కష్టం కాలేదు. పసిపిల్ల ఏడ్చినప్పుడల్లా తల్లి సాలు వదిలి వెళ్లే బాధ తప్పుతుంది కాబట్టి అతనికీ లాభమే. చట్టం గురించి చెప్పినప్పుడు పిల్లలను దాచిన అదే మనిషి, ఈసారి ముసలమ్మకు నీడ కోసం కొత్త పట్టా తెచ్చి కట్టించాడు.

తర్వాత పేరు. అతిథిగా కూర్చోబెట్టడం పనిచేయలేదు కాబట్టి ఇక మిగిలింది పూర్తి బదిలీ. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం ఒక బడి నుంచి మరో బడికి మారే హక్కు పిల్లకు ఉంది. ప్రధానోపాధ్యాయుడు టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. విద్యాసంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా సొంత ఊరి హెడ్మాస్టారు వెనకాడారు. సుగ్గి కాలంలో ఇలా అందరి పేర్లూ బదిలీ అయితే బడిలో సంఖ్య పడిపోతుంది, సంఖ్యను బట్టి టీచరు పోస్టులు ఉంటాయి. ఆయన ఆందోళనలో న్యాయముంది. పైగా ఆ పిల్ల నోట్సులో ఎర్ర సిరాతో తేదీలు వేసి శ్రద్ధగా దిద్దినదీ ఆయనే. ఫోన్‌లో చాలాసేపు మాట్లాడుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. పేరు ఇప్పుడు ఇక్కడికి వస్తుంది. పాప ఎన్ని రోజులు వచ్చిందో ఇక్కడి హెడ్మిస్ట్రెస్ వారానికోసారి ఆయనకు వాట్సాప్‌లో పంపుతారు. ఊరికి తిరిగి వెళ్లిన రోజే ఆమెను మళ్లీ అక్కడ చేర్చుకుంటారు. ఈ మాట కాగితం మీద రాసి, ఇద్దరు హెడ్మాస్టర్ల ఫోన్ నంబర్లతో తల్లి చేతికిచ్చాం. ఆమె దాన్ని రేషన్ కార్డున్న కవరులోనే పెట్టుకుంది.

పేరు లాగిన్‌లోకి వచ్చిన తర్వాత మార్పు తొందరగానే కనిపించింది. పుస్తకాలు ఇచ్చారు, పేరు పిలిచారు, అన్నానికి లెక్కలో చేరింది. అయినా చదువు దగ్గర పెద్ద అడ్డంకి ఉంది. ఐదో తరగతి పాఠం చదవలేకపోయేది, గుణింతాలు కూడబలుక్కుంటూ చదివేది. క్లాస్ టీచర్ అక్కడ మొదలుపెట్టకుండా, తెలివిగా, కాటా చిట్టీలు తెమ్మంది. మేస్త్రి రాసే కిలోలు, రేటు, బాకీ లెక్క మొత్తం గుంపుకు చదివి వినిపించేది ఈ పిల్లేనని అప్పుడు తెలిసింది. హెచ్చవేతలు నోటితో చేసేస్తుంది, కాగితం మీద పెట్టడం రాదు. ఆ చిట్టీలతోనే లెక్కలు, చిట్టీలో ఉన్న పేర్లతోనే చదవడం మొదలైంది. బోర్డు మీద లెక్క వేసి వచ్చిన రోజు నుంచి వెనక బెంచీ నవ్వులు తగ్గాయని టీచర్ చెప్పింది. పూర్తిగా ఆగిపోయాయని మాత్రం అనలేదు.

ఉగాదికి గుంపులో సగం మంది వెళ్లిపోయినా, కోత మిగిలి ఉండటంతో ఈ కుటుంబం వేసవి సెలవుల దాకా ఉంది. ఈలోగా ఆరో తరగతికి సొంత మండలంలోని కస్తూర్బా విద్యాలయానికి దరఖాస్తు పెట్టించాం. అక్కడ బాలికలకు చదువు, వసతి, భోజనం ఉచితం. తల్లిదండ్రులు సుగ్గికి వెళ్లినా పిల్ల కదలక్కర్లేదు. దరఖాస్తుకు ముందు బడి బయటి పిల్లగా మేం రాసి ఉంచిన నోటు ఇక్కడ పనికొచ్చింది. ఎంతకాలం, ఎందుకు బడికి దూరంగా ఉందో తేదీలతో ఉంది కాబట్టి ఎవరూ కాదనలేదు. జూన్‌లో సీటు వచ్చింది. తమ్ముణ్ణి వదిలి ఎలా పంపాలని తల్లి కొంత తటపటాయించింది గానీ, తండ్రి తీసుకెళ్లి చేర్పించి, హాస్టల్ గేటు ముందు దిగిన ఫొటో నాకు పంపాడు.

నేర్చుకున్నవి

ఇప్పుడు మా క్లస్టర్‌లో ‘చదువుతోందా’ అని అడగడం మానేశాం. పేరు ఏ ఊరి బడిలో ఉంది, పిల్ల ఈ వారం ఎక్కడుంది, తరగతిలో కూర్చున్న చివరి రోజు ఏది అని మూడు ముక్కలు వేర్వేరుగా రాసుకుంటున్నాం. మూడో దానికి జవాబు తల్లి కంటే నోట్సు బాగా చెబుతుంది. నోట్సు లేకపోతే మధ్యాహ్న భోజనం గురించి అడగండి, బడికి వెళ్లే పిల్ల దానికి తడుముకోదు.

45 రోజులు నిండే దాకా చూడకండి. సుగ్గి ఉండేదే రెండు మూడు నెలలు, నిర్వచనం వర్తించేసరికి అందులో సగం గడిచిపోతుంది. లారీ దిగిన వారంలోనే గుడారాల దగ్గరికి వెళ్లి అడిగితే మొహమాటాలు తక్కువ, కోత మొదలయ్యాక అడిగితే కూలి నష్టం మాట ముందొస్తుంది.

పదేళ్ల ఆడపిల్ల కేసు వచ్చినప్పుడు ఆమె కంటే ముందు ఆమె చంకనున్న పిల్లాడి గురించి ఆలోచించాలి. ఈ కేసులో బడి, టీసీ, చట్టం అన్నీ సిద్ధంగా ఉన్నా, రెండేళ్ల పిల్లాడికి నీడ దొరికే దాకా ఏదీ కదల్లేదు. ఆ నీడ కూడా ఒక ముసలమ్మ ఓపిక మీద నిలబడింది. ఈ ఏడాది ఆమె సుగ్గికి రాలేదు. కొత్తగా వచ్చిన గుంపులో చంకన పసిపిల్లలతో బడి మానిన అక్కలు మళ్లీ కనిపిస్తున్నారు. కోతల కాలంలోనైనా మూడేళ్ల లోపు పిల్లలను పగలంతా ఉంచుకునే ఏర్పాటు అంగన్‌వాడీలోనే చేయమని, అదనంగా ఒక ఆయాను ఇవ్వమని అర్జీ పెట్టాం. ఇంకా జవాబు రాలేదు.